చామంతి పడని చేతులు

పోయిన నెల మూడు రోజుల పాటు ఒంటికి ఏది పడదో తేల్చే పరీక్ష కోసం వీపు నిండా చిన్న చిన్న బిళ్లలు అతికించుకొని తిరిగాను. స్నానం చేయొద్దు, చెమట పట్టనీయొద్దు, ఎంత దురద పెట్టినా గోకొద్దు అని చర్మవ్యాధుల డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఏడాదిగా నా మణికట్లు, మెడ, కనురెప్పలు ఎర్రగా పొక్కి, తర్వాత నల్లబడి మొరటుగా తయారవుతున్నాయి. పొద్దున లేస్తే వరసబెట్టి పది తుమ్ములు. సబ్బు మార్చాను, నూనె మార్చాను, గాజులు తీసి పక్కన పెట్టాను. బడిలో చాక్‌పీస్ పొడి వల్ల అనుకొని, పై క్లాసులు వద్దు కింది క్లాసులు ఇవ్వండని హెడ్‌మాస్టర్‌ను అడిగాను, అక్కడ కూడా చాక్‌పీసే ఉంటుందన్న తెలివి లేకుండా. చివరి రోజున డాక్టరమ్మ బిళ్లలన్నీ పీకి, ఒక్కచోట ఉబ్బిన చర్మాన్ని వేలితో తట్టి, "ఇదండీ మీ శత్రువు. వయ్యారిభామ. ఖాళీ ప్లాట్లలో తెల్లగా పూస్తుంది చూడండి, అదే. చామంతి, బంతి కూడా దీని చుట్టాలే. మీకు పడవు" అంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది. మా అమ్మకు ఉండేదన్నాను. "ఇది అంటేది కాదులెండి, అందరితో మామూలుగానే ఉండొచ్చు" అంది, రాసుకుంటూనే, తల ఎత్తకుండా. ఆ మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నాకు పన్నెండేళ్లు. అప్పుడు ఆ మాట ఇంగ్లిషులో వచ్చింది.

ఎలర్జీ అన్న మాట మా ఊరికి అప్పటికింకా రాలేదు. మాకు ఉన్నదల్లా ఒక్కటే మాట, పడదు. మా నాయనమ్మకు వంకాయ పడదు. బాపుకు చల్లనీళ్లు పడవు. నాయనమ్మకూ ఆమె తోటికోడలికీ అసలే పడదు, ఒకరు బావి దగ్గరికి వస్తే ఇంకొకరు బిందె ఎత్తుకొని వెళ్లిపోయేవారు. కూరగాయకూ మనిషికీ ఒకటే మాట వాడుకొని బతికినవాళ్లం. అందులో ఒక సుఖం కూడా ఉంది, తప్పు ఎవరిదో తేల్చే పని ఉండదు. వంకాయదీ కాదు, తిన్నవాళ్లదీ కాదు, ఇద్దరికీ పడలేదు అంతే. మా అవ్వకు చామంతి పడలేదన్న సంగతి కూడా ఇంట్లో ఈ మాటతోనే తేలిపోయి ఉంటే ఎంత బాగుండేది! మా దగ్గర అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఇక్కడ కూడా అట్లాగే రాస్తాను, అమ్మ అని రాస్తే ఎవరో వేరే మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది నాకు.

మాది కనకమామిడి దగ్గర చిన్న పల్లె. బాపు మొదట టమాట, కొత్తిమీర వేసేవాడు. నగరానికి మా పక్క అద్దాల మేడలు లేవడం మొదలైన రోజుల్లో, చేవెళ్ల, మొయినాబాద్ చుట్టూ చాలామంది లాగే ఆయన కూడా పూలకు మారాడు. కంపెనీల ప్రారంభోత్సవాలకు, ఫంక్షన్ హాళ్లకు, కొత్త ఇళ్ల గుమ్మాలకు ఎన్ని పూలైనా చాలేవి కావు. ఆ అద్దాల మేడల్లోపల ఏం చేస్తారో మాకు తెలియదు గానీ, ఏం చేసినా ముందు మా పూలదండ కడతారని మాత్రం తెలుసు. పసుపు చామంతి, తెల్ల చామంతి. చలికాలమంతా మా ఇల్లు ఆ వాసనే, కొంచెం చేదు, కొంచెం మందు వాసన, పైన తడిపిన గోనెపట్టాల వాసన. సూర్యుడు పైకి రాకముందే అవ్వ కూలీ ఆడవాళ్లతో కలిసి చేనులోకి దిగేది. కొంగును ఒడిగా కట్టుకొని, రెండు చేతులా టపటపా తుంచి ఒడి నింపేది. మొదటి గంపలు బండెక్కగానే పరుగున ఇంటికి వచ్చి నన్ను ముందర కూర్చోబెట్టుకొని తల దువ్వేది. నూనె పెట్టి, పాపిట తీసి, రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టేది. చేవెళ్లలో ఇంగ్లిషు మీడియం బడికి పోయేదాన్ని. అవ్వ చేతుల చామంతి వాసన సాయంత్రం దాకా నా జడల్లోనే ఉండేది. పక్క బెంచీ అమ్మాయి వంగి వాసన చూసి, "మీ ఇంట్ల రోజూ పండుగనా?" అని అడిగేది.

ఆ రోజుల్లోనే తెల్ల కార్లు రావడం కూడా మొదలైంది. గట్టు మీద నిలబడి నల్ల కళ్లద్దాలతో మా చేను వంక చూసేవాళ్లు. ఇక్కడ ఫామ్‌హౌస్ వస్తుంది, అక్కడ రోడ్డు వస్తుంది, అమ్మితే మీ బతుకే మారిపోతుందని బాపుకు అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు. బాపు పొద్దున అమ్ముదాం అనేవాడు, సాయంత్రం వద్దు అనేవాడు. ఆయన గట్టి మనిషి కాదు. అవ్వ మాత్రం ఒకటే మాట మీద ఉండేది. "పువ్వు నడుస్తున్నన్ని రోజులు భూమి ముచ్చట ఎత్తకు" అనేది. చామంతి ఉన్నంతకాలమే మాకు భూమి ఉంటుందని ఆమెకు తెలుసు.

ఆ చామంతే ఆమె చేతులను పట్టింది. మొదట వేళ్ల సందుల్లో దురద, తర్వాత మణికట్ల మీద పొక్కులు, తర్వాత మెడ, చెవుల వెనక, కనురెప్పలు. పొక్కులు చిట్లి రసి కారి, ఆరి, మళ్లీ లేచేవి. పూలు కుప్పపోసి ఏరేటప్పుడు తుమ్ములు ఆగేవి కావు, కాసేపటికి ఛాతీలో పిల్లి గురక మొదలయ్యేది. కూలికి వచ్చేవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురి చేతులు పగిలేవి. వాళ్లు కొబ్బరినూనె రాసుకొని, "పనిచేసే చెయ్యి పగలదా?" అని నవ్వేసేవారు. అవ్వకు మాత్రం ముఖానికి ఎక్కింది. ముఖానికి ఎక్కిన రోగాన్ని ఊరు నవ్వి వదలదు. నాయనమ్మ వేపాకు నీళ్లు పోయించింది, పసుపు పట్టించింది, ఎవరితోనో మంత్రం పెట్టించింది. ఏదీ తగ్గించకపోయేసరికి ఇది అంటురోగమే అని తేల్చేసింది. నాయనమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అవ్వ పెళ్లికి ఆమె అన్నలు స్టీలు గిన్నెలు, గ్లాసులు పెట్టారు. ప్రతిదాని మీదా చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించారు, యాదమ్మ అని. అందులో ఒక గ్లాసును, అన్నం తినే ఒక తలెను నాయనమ్మ తీసి వెనక అరుగు మీద గోడగూట్లో పెట్టింది. "ఇగ ఇవ్వి నీయి. వీటిల్నే తిను, వీటిల్నే తాగు, నువ్వే తోముకో. పిల్లలున్న ఇల్లు" అంది. అన్నలు ప్రేమతో కొట్టించిన పేరు అట్లా వెలి గుర్తు అయింది. ఆ రోజు నుంచి అవ్వ భోజనం వెనక అరుగు మీద, పడక పూల గంపలు పెట్టే కొట్టంలో. మజ్జిగ కుండ ముట్టకూడదు, నాలుగేళ్ల మా తమ్ముడు శీనును ఎత్తుకోకూడదు. పూలు మాత్రం తెంపొచ్చు. మజ్జిగ కుండకు పనికిరాని చేతులు తెంపిన పూలు నగరంలో దేవుళ్ల మెడలోకి పోయేవి, దానికి మా నాయనమ్మకు గానీ ఆ దేవుళ్లకు గానీ ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

నా తల దువ్వడం కూడా ఆగిపోయింది. మరునాడు పొద్దున అలవాటుగా దువ్వెన పట్టుకొని పోయి అవ్వ ముందు కూర్చున్నాను. ఆమె రెండు అడుగులు వెనక్కి జరిగి, "నాయనమ్మ కాడికి పో" అంది. కోపంగా అనలేదు. కానీ వెనక్కి జరిగింది, అదే నాకు గుర్తుండిపోయింది. నాయనమ్మ జుట్టు పీకి పీకి జడ వేసేది, ఒక జడ పైకి, ఒకటి కిందికి. శీనుగాడు ఏడ్చి, కాళ్లు కొట్టుకొని, వారం రోజుల్లో మర్చిపోయాడు. నేను ఏడవలేదు, మర్చిపోలేదు కూడా. బడి నుంచి వచ్చి వెనక గుమ్మంలో నిలబడితే అవ్వ అరుగు చివర కూర్చొని ఉండేది. ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల నేల. బడిలో ఏం చెప్పారని అడిగేది, చెప్పేదాన్ని. అంతలో మాటలు అయిపోయేవి. ఆమెకు నేను అక్కర్లేకుండా పోయానని నాకు గట్టిగా అనిపించేది. ఇల్లు నిండా మనుషులే, అయినా అంత ఒంటరితనం నేను తర్వాత హాస్టల్లో ఉన్నప్పుడు కూడా ఎరగను.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు వాడకట్టు మొత్తానికి చామంతులు మా చేనువే. ఆడవాళ్లు వాకిట్లో కూర్చొని తంగేడు, గునుగు, మధ్యలో మా పసుపు చామంతి వరసలుగా పేరుస్తున్నారు. అవ్వ పట్టుచీర కట్టుకొని వచ్చి కూర్చోబోతే పక్కింటామె మెత్తగానే అంది, "యాదమ్మా, నువ్వు జర అటు కూసోరాదు. నీకు చేతగాదు గదా." ఒంట్లో బాగాలేదని పైకి మాట, అసలు కారణం ఏదో అందరికీ తెలుసు. ఆటపాట అయ్యాక సత్తుపిండి ఒకరికొకరు పంచుకునేటప్పుడు అవ్వ గిన్నె నుంచి ఎవరూ తీసుకోలేదు. నేను కూడా తీసుకోలేదు. నాయనమ్మ చూస్తోందని నన్ను నేను సమర్థించుకున్నాను. అవ్వ ఆ గిన్నెను కొంగు కింద పెట్టుకొని ఇంటికి నడిచింది, నేను ఆమె వెనకాల కొంచెం దూరంగా నడిచాను.

పండుగ తర్వాత బాపు అవ్వను నగరంలో పెద్ద దవాఖానకు పోయి చూపించుకొమ్మన్నాడు. ఆయన పూల బండితో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాలి కాబట్టి నన్ను తోడు పంపాడు. "బిడ్డకు ఇంగిలీషు వస్తది, డాక్టర్లతోని మాట్లాడుతది" అన్నాడు. చర్మం విభాగం ముందు చాంతాడంత వరస. సిమెంటు కలిపి కలిపి మేస్త్రీ చేతులు, రంగుల కంపెనీలో పనిచేసే ఒకాయన వేళ్లు, ఇళ్లల్లో గిన్నెలు తోమే ఆమె గోళ్లు. ఆ వరసలో ముఖాలు చూడక్కర్లేదు, చేతులు చూస్తే ఎవరు ఏం పని చేస్తారో చెప్పేయొచ్చు. డాక్టర్ కుర్రవాడు, ఎక్కడో ఉత్తరాది మనిషి. అవ్వ మణికట్టు తిప్పి చూసి ఏం పని అని అడిగాడు. "ఫూల్ కా కామ్" అంది అవ్వ, తనకు వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లో. ఆయన తల ఊపి, నా బడి టై చూసి నవ్వి, ఇంగ్లిషులో గబగబా ఏదేదో చెప్పాడు. చివరకు, "టెల్ యువర్ మదర్, ఇట్ ఈజ్ నాట్ కంటేజియస్. ఓకే?" అన్నాడు. కంటేజియస్ అన్న మాట నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. అంతమంది ముందు నాతో ఇంగ్లిషు మాట్లాడాడన్న గర్వంలో, "ఓకే సర్" అన్నాను. ఆయన అవ్వ వైపు తిరిగి తన తెలుగులో, "పువ్వు, అమ్మా, పడదు. పువ్వు బంద్" అన్నాడు. అది అవ్వకు అర్థమైంది.

బయటికి రాగానే అవ్వ అడిగింది, "ఇంగిలీషుల ఏమో అన్నడు గదనే, ఏందది?"

"ఏం లే, మందు రోజూ రాసుకోమన్నడు" అన్నాను.

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ బస్సులో ఆమె పక్కన కూర్చున్న ముసలావిడకు, "నా బిడ్డ డాక్టర్ తోని గడగడ ఇంగిలీషు మాట్లాడింది" అని చెప్పుకుంటోంది. ఎన్నో నెలల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను, ఇక నోరు విప్పలేకపోయాను. మొయినాబాద్ దాటాక ఆమె నా వైపు వంగి, తగలకుండా, మెల్లగా అంది.

"పువ్వు పడదన్న ముచ్చట ఇంట్ల చెప్పకు. మీ బాపుకు తెలిస్తే చామంతి పీకేస్తడు. చామంతి పోతే భూమి పోయినట్టే. ఆ కార్లోళ్లు గదే చూస్తున్నరు."

"మరి నీకు దురద?"

"నా దురదకేమాయె, గోక్కుంట."

ఇంటికి పోగానే నాయనమ్మ గుమ్మంలోనే ఆపింది. "అంటుతదా అంటదా? గది చెప్పుండ్రి ముందు." అవ్వ నా వైపు చూసింది. డాక్టర్‌తో మాట్లాడింది నేనే కదా. నేను మేకల దొడ్డి వైపు చూస్తూ, "గది చెప్పలే, మందు ఇచ్చిండు" అన్నాను. "చెప్పలేదంటే అంటుతదనే" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. అవ్వ వెనక అరుగు మీదికి పోయి, తన గ్లాసుతో నీళ్లు ముంచుకొని తాగింది. ఆ తర్వాత ఆమె నాయనమ్మ చెప్పకుండానే దూరం పాటించడం మొదలుపెట్టింది. నేను ఎదురుపడితే దారి వదిలి పక్కకు జరిగేది. నాకేమో, దవాఖానకు తోడు పోయి వచ్చినా సరే ఈమె నన్ను దగ్గరికి రానివ్వడం లేదే అని ఉక్రోషం.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు సైన్స్ మేడమ్ బోర్డు మీద ఆ మాట రాసింది, కంటేజియస్. "అంటే తాకితే అంటుకునేవి" అంది. నాకు డాక్టర్ గొంతు వినిపించింది, ఆ మాటకు ముందున్న 'నాట్'తో సహా. సాయంత్రం బస్సు దిగి ఇంటి దాకా పరుగెత్తాను. వాకిట్లో తెల్ల కారు ఉంది. బోరు ఎండిపోయి రెండు నెలలైంది, చామంతి మొక్కలు ఎండి కట్టెలైపోయాయి, బాపు ఆ రోజే అగ్రిమెంటు మీద సంతకం పెట్టేశాడు. అవ్వ గట్టు మీద ఒక్కతే కూర్చొని చేను వైపు చూస్తోంది. ఈ వేళ కాదులే, రేపు చెప్తాననుకున్నాను. ఆ రేపు సామాన్లు కట్టడంలో పోయింది. మేము శంకర్‌పల్లికి కిరాయి ఇంటికి మారాం. పూలు లేవు, చేను లేదు, రెండు మూడు నెలల్లో అవ్వ చేతులు ఆరాయి, ముఖం తేటపడింది, తుమ్ములు ఆగాయి. దేవుని దయ అంది నాయనమ్మ. రోగమే పోయాక ఆ మాట ఎందుకనుకున్నాను నేను. చెప్తే నా గొప్ప ఇంగ్లిషు సంగతి కూడా చెప్పాలి కదా. తర్వాత హాస్టల్, ఉద్యోగం, పెళ్లి. అవ్వకూ నాకూ మధ్య ఆ నాలుగు అడుగుల నేల అట్లాగే ఉండిపోయింది. మాకు పడదని బంధువులు అనుకునేవారు, నేను కూడా అట్లాగే అనుకున్నాను.

ఇప్పుడు మా బడిలో అడ్మిషన్ ఫారంలో పిల్లలకు ఏం పడదో రాయమని ఒక గడి ఉంటుంది. వేరుశనగ అని, దుమ్ము అని, పిల్లి వెంట్రుకలు అని తల్లిదండ్రులు శ్రద్ధగా నింపుతారు. ఆ పిల్లలను ఎవరూ వెనక బెంచీలో కూర్చోబెట్టరు, నేను కూర్చోబెట్టనివ్వను. మా చేను ఉన్నచోట గేటు, గేటుకు కాపలా, లోపల కోసిన గడ్డి. అమ్ముడుపోని ప్లాట్లలో మాత్రం వయ్యారిభామ ఒత్తుగా పెరిగింది. సాయంత్రం నడకకు నేను పోయేది అటువంటి ప్లాట్ల పక్కనుంచే. అదంతా చూసినప్పుడల్లా ఆ కాలం పోవడమే మంచిదైంది అనుకుంటాను, మళ్లీ ఆ చేదు వాసన కోసం ముక్కు వెతుక్కుంటుంది.

బిళ్లలు తీయించుకున్న తర్వాతి ఆదివారం శంకర్‌పల్లి వెళ్లాను. అవ్వ శీను వాళ్లతో మూడో అంతస్తులో ఉంటుంది. నాయనమ్మ, బాపు ఇద్దరూ పోయారు. అవ్వ గోడవార కుర్చీలో కూర్చొని బియ్యం ఏరుతోంది. కిటికీలో ఆ గ్లాసు ఉంది, పేరు సగం అరిగిపోయి. వంటింట్లో ఇరవై గ్లాసులున్నా ఆమె దాంట్లోనే తాగుతుంది, ముసలివాళ్ల చాదస్తమని దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను కూడా అట్లాగే అనుకునేదాన్ని. మాటల్లో మాటగా నా చేతులు చాపి, "చూడు, నాకు కూడా వచ్చింది" అన్నాను.

అవ్వ చేట కింద పెట్టింది. నా మణికట్లు చూసింది, నా మెడ చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"అయ్యో, నాదే అంటింది బిడ్డా. నేను దూరమే ఉంటి గదనే. అన్నేండ్లు నిన్ను ముట్టలే, శీనుగాన్ని ముట్టలే. మరి ఎట్ల అంటింది?"

అన్నేళ్లూ ఆమె నన్ను వదిలేసిందనుకున్నాను. ఆమె నన్ను కాపాడుకుంటోంది.

"అంటదు అవ్వా. అది అంటేది కాదు. డాక్టర్ అప్పుడే చెప్పిండు."

"ఎప్పుడు?"

"అప్పుడే. నాతోని ఇంగ్లిషుల అన్నడు చూడు, గదే. ఆ మాట నాకు రాలే. వచ్చినంక చెప్పలే."

అవ్వ తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె నా చేతులు తీసి తన ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలితో ఆ మొరటు చర్మం మీద మెల్లగా రాసింది.

"నాకు తెలిస్తే నీ జడలు నేనే ఏస్తుంటి గదా బిడ్డా" అంది.

నా జుట్టు ఇప్పుడు భుజాల దాకే ఉంది, సగం తెల్లబడింది, జడకు రాదు. అవ్వ లేచి లోపలికి పోయి దువ్వెన తెచ్చింది. "అటు తిరుగు" అంది.